బటన్ కాని బటన్

వెబ్ పేజీలో ‘సమర్పించండి’ అని రాసి ఉన్న నీలిరంగు పెట్టె నిజంగా బటనేనా? చూపున్నవారికి ఈ అనుమానమే రాదు. మౌస్‌తో నొక్కుతారు, పనైపోతుంది. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తే తప్ప పేజీ తెలియని వారికి మాత్రం అది బటన్ అని ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పే పద్ధతే ఆరియా. 2014 మార్చి 20న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. దాని వెనకున్న తగవు మాత్రం చాలా పాతది.

డాస్ రోజుల్లో ఇంత చిక్కు లేదు. తెర మీద 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. అవి మెమరీలోనూ అక్షరాలుగానే ఉండేవి. ఐబీఎం పరిశోధన విభాగంలో గణితవేత్త జిమ్ థాచర్, చూపులేని తన గురువు జెస్సీ రైట్ కూడా అక్కడే పనిచేస్తుండగా, 1980లలో ఆ మెమరీని చదివి వినిపించే ప్రోగ్రామ్ తయారుచేశాడు. ఐబీఎం దాన్ని స్క్రీన్ రీడర్ అంది. ఇప్పుడు ఆ కోవకు చెందిన వాటన్నిటికీ అదే పేరు.

విండోస్ రాగానే అక్షరాలు పోయి చుక్కలు మిగిలాయి. ఒకప్పుడు మోటార్‌సైకిల్ రేసరై, కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న టెడ్ హెంటర్ తన స్క్రీన్ రీడర్ ‘జాస్’ను 1989లో డాస్‌కు, 1995లో విండోస్‌కు తెచ్చాడు. విండోస్ తెర మీద ఏది గీస్తున్నా దారికాచి పట్టుకుని, చాటుగా నకలు రాసుకుని చదవాల్సిన అవస్థ అది. ప్రోగ్రామే తన బటన్ల పేరూ తీరూ చెప్పుకునే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 1997లో తెచ్చింది.

ఈలోగా వెబ్ వచ్చింది. తొలినాళ్ల వెబ్ నిజానికి అంధులకు వరమే: శీర్షిక, లింకు, బటన్ దేనికది హెచ్‌టీఎంఎల్‌లోనే తెలిసిపోయేవి. జావాస్క్రిప్ట్‌తో కథ అడ్డం తిరిగింది. 1999 నాటి అందుబాటు మార్గదర్శకాలు, స్క్రిప్టులు ఆపేసినా పేజీ పనిచేయాలన్నాయి. ఎవరు విన్నారు? 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక ఆ షరతు నీటిమీద రాతే అయింది. స్క్రీన్ రీడరేమో పేజీ తెరుచుకున్నప్పుడు తీసుకున్న నకలునే చదువుతూ కూర్చునేది. కొత్త ఉత్తరం వచ్చి పడ్డా దానికి తెలిసేది కాదు.

అప్పుడు ఐబీఎంలో రిచ్ ష్వెర్డ్‌ఫెగర్ బృందం ఇంకో దారి పట్టింది. స్క్రిప్టులు మానమని బతిమాలడం దండగ, వాటికే మాట నేర్పుదాం అనుకుంది. పెట్టెకు ‘ఇది చెక్‌బాక్స్, ఇప్పుడు టిక్ ఉంది’ అని కోడ్‌లోనే గుర్తు పెడితే, బ్రౌజర్ ఆ సంగతిని స్క్రీన్ రీడర్‌కు అందిస్తుంది. 2005లో ఐబీఎం ఇచ్చిన కోడ్‌తో ఫైర్‌ఫాక్స్ 1.5 ఈ పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఆరియా ముసాయిదా బయటికొచ్చింది. అందులో నాకు బాగా నచ్చేది ‘లైవ్ రీజియన్’. మారుతున్న సమాచారాన్ని స్క్రీన్ రీడర్ తాను చదువుతున్నది ముగించాక మర్యాదగా చెప్పాలా, మధ్యలోనే అడ్డుపడి చెప్పాలా అన్నది పేజీ రాసినవారే నిర్ణయిస్తారు. క్రికెట్ స్కోరుకు మర్యాద చాలు. ‘రెండు నిమిషాల్లో సెషన్ ముగుస్తుంది’ అన్నదానికి అడ్డుపడాల్సిందే.

అయితే ఆరియా పేరు చెబుతుందే గానీ పని చేయదు. ఉత్త పెట్టెకు ‘బటన్’ అని గుర్తు పెట్టినంత మాత్రాన ట్యాబ్ కీ అక్కడికి చేరదు, ఎంటర్ నొక్కితే కదలదు. ఖాళీ డబ్బా మీద పంచదార అని చీటీ అంటించినట్టే. అందుకే ఆరియా వాడకంలో మొదటి నియమం విచిత్రంగా ఉంటుంది: హెచ్‌టీఎంఎల్‌లో అసలు బటనే ఉంటే, ఆరియా జోలికి వెళ్లకు. ఇంత సులువైన బటన్‌ను వదిలేసి సొంతంగా గీసుకోవడం డిజైనర్ల మోజు, అంతే.

మనకు ఇంకో మెలిక ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది, కాస్త మరమనిషిలా. కానీ పేజీ భాష తెలుగని కోడ్‌లో రాయకపోతే ఇంగ్లిష్ గొంతు మన అక్షరాల దగ్గర తడబడే ప్రమాదముంది. ఆ ఒక్క గుర్తు పెట్టడానికి అరనిమిషం చాలు.

గుర్తులతో తీరని చిక్కులూ ఉన్నాయి. బ్యాంకు ఖాతా కోసం ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కనురెప్ప ఆర్పమంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు, చూపులేని ఒక న్యాయవాది దీని మీద సుప్రీంకోర్టుకెక్కారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు డిజిటల్ అందుబాటు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. ఎదుట ఉన్నది సజీవ మనిషేనని తేల్చుకోవడానికి రెప్పపాటు కాక వేరే పద్ధతులూ పెట్టాలని ఆదేశించింది.