మూగ కాదు, మోగ్

సింథసైజర్ మాటెత్తితే ముందు వచ్చే పేరు రాబర్ట్ మోగ్. స్పెల్లింగు చూసి మనలో చాలామందిమి 'మూగ్' అనేస్తాం గానీ ఆయన తన పేరుని 'మోగ్' అనే పలికేవాడు. తెలుగువాళ్ళకి ఈ తేడా ఒక్కసారి చెబితే చాలు, ఇక మర్చిపోరు. ఒకటి మోగేది, ఇంకోటి మూగది. 1969లో అహ్మదాబాద్ వచ్చిన మోగ్ యంత్రం ఈ రెండూ అయింది. మూడేళ్ళు మోగింది, ఆ తర్వాత మూగబోయింది.

ఆ యంత్రం వచ్చింది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి. రావడం వెనక ఉన్న మనిషి గీతా సారాభాయ్. 1946లో న్యూయార్క్ వెళ్ళి జాన్ కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, బదులుగా ఆయనకి మన సంగీతం నేర్పినావిడ. కేజ్ మిత్రుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి స్టూడియో అమర్చాడు. నెల్లూరు వాణ్ణి కాబట్టి నాకు ఇక్కడ ఇంకో సంగతి తడుతుంది. గీత అన్నగారు విక్రమ్ సారాభాయ్. ఆయన నడిపిస్తున్న అంతరిక్ష కార్యక్రమం ఆ 1969లోనే మా తీరాన, పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోటని రాకెట్ల కోసం ఎంచుకుంది. ఒకే ఇంటి అన్నాచెల్లెళ్ళు, ఒకే ఏడాది, దేశానికి రెండు చివర్ల రెండు ఎలక్ట్రానిక్ కలలు.

శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరులో మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. డిసెంబరులో విక్రమ్ సారాభాయ్ పోయారు. కేంద్రం మాత్రం ఆగలేదు. సరస్సు మీదుగా రోడ్డు పడింది, కాలనీలు వచ్చాయి, సూళ్ళూరుపేట పెరిగింది. దీవిలో తరాలుగా బతికిన యానాదులు అక్కణ్ణుంచి కదలాల్సి వచ్చింది. ఆ ఖర్చు కూడా ఈ పద్దులోనే రాయాలి. అహ్మదాబాద్‌లో మాత్రం 1972 తర్వాత చడీచప్పుడూ లేదు.

రాకెట్టుకి ప్రభుత్వం ఉంది, సంగీతానికి ఎవరున్నారు అని నిట్టూర్చడం తేలికే. నాకు ఆ వివరణ చాలదు. అమెరికాలో మోగ్ వెనక ప్రభుత్వం లేదు. ఉన్నది ఓ చిన్న దుకాణం.

మోగ్ 1954లో, ఇరవయ్యేళ్ళ వయసులో, తండ్రితో కలిసి థెరమిన్‌లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. చెయ్యి తాకించకుండా గాల్లో ఆడిస్తే పాడే వాయిద్యం అది. 1961లో ఓ ఎలక్ట్రానిక్స్ పత్రికలో ట్రాన్సిస్టర్ థెరమిన్ ఎలా కట్టుకోవాలో రాసి, విడిభాగాల కిట్‌ని 49 డాలర్ల 95 సెంట్లకి పెట్టాడు. వెయ్యి దాకా అమ్ముడుపోయాయి. అప్పటికి ఆయనింకా విద్యార్థే. 1964లో హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతకారుడితో కూచుని, ఇదుంటే బాగుణ్ణు, అదుంటే బాగుణ్ణు అని అతను అడుగుతుంటే, ఒక్కో కోరికకి ఒక్కో డబ్బా కట్టుకుంటూ పోయాడు. ఆ డబ్బాలే మాడ్యూళ్ళు.

మాడ్యులర్ సింథసైజర్ అంటే కీబోర్డు కాదు. ఒక మాడ్యూల్ నాదం పుట్టిస్తుంది, ఇంకోటి దాని పదును తగ్గిస్తుంది, మరోటి ఎప్పుడు పెరగాలో ఎప్పుడు అణగాలో చెబుతుంది. వాటిని వైర్లతో ఎలా కలపాలన్నది వాయించేవాడి ఇష్టం. మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష వోల్టేజీ. మోగ్ పెట్టుకున్న ఒప్పందం ప్రకారం ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికి ఒక వోల్టు, అంతే. వోల్టేజీకి మెట్లు లేవు, జారుడే. కీబోర్డుకి గమకం అంటే తంటా గానీ వైరులో గమకానికి అడ్డేముంది?

ఇదంతా ఉన్న యంత్రమే అహ్మదాబాద్ వచ్చింది. దాని మీద గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా పనిచేశారు. ఆ టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోతే, పాల్ పర్గస్ వాటిని వెలికితీసి, 2023లో ఆల్బమ్‌గా తెచ్చాడు. విన్నాను. కొన్ని తడబాటు ముక్కలే, కొన్ని ఒళ్ళు జలదరించేవి. 'పడమటివాళ్ళతో పాటే మనకీ ఉంది' అని చంకలు గుద్దుకోవడం మీద నాకు ఆసక్తి లేదు. అహ్మదాబాద్‌కి దిగిన సరుకులో లేనిది దుకాణం. పాడైతే విప్పేవాడు, 'దీన్లో ఇంకో మీట పెట్టు' అని అడిగితే వారంలో పెట్టిచ్చేవాడు, దాన్ని చూసి పక్క వీధిలో ఇంకోటి మొదలెట్టేవాడు లేరు.

పదేళ్ళకి, 1979లో, బెంగళూరులో ఆ దుకాణం వేరే రూపంలో పుట్టింది. జి. రాజ్‌నారాయణ్ ఇంజనీరు, వేణువు వాయిస్తాడు. ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేసి, రాడెల్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. ఆలోచిస్తే ఇదీ సింథసైజరే. నాదం పుట్టించే సర్క్యూట్లు, శ్రుతి మార్చే మీట, పంచమమా మధ్యమమా అని ఎంచుకునే ఏర్పాటు. దీనికి కొనేవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఎస్పీ బాలు గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన నెల్లూరులో శ్రుతిపెట్టె అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. తిత్తి నొక్కడానికి పక్కన ఒక మనిషి కూచోవాల్సిన అవసరాన్ని ఈ కొత్త డబ్బా తీసేసింది. ఆ మనిషి ఏమయ్యాడన్నది ఇంకో వ్యాసం.

కానీ శ్రుతిపెట్టె మూసిన డబ్బా. దానికి ఇంకొకరు చేసిన డబ్బా తగిలించడానికి వీల్లేదు. అందుకే ఒక్కో తయారీదారు మొత్తం పెట్టె తనే చేసుకోవాలి. మాడ్యులర్‌లో ఈ ముడి విప్పింది 1995 ప్రాంతంలో జర్మనీలో డీటర్ డెఫర్. ఆయన తన ఏ-100 మాడ్యూళ్ళకి పెట్టిన కొలతలు ఇవి: ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన, విద్యుత్తు ప్లస్, మైనస్ 12 వోల్టులు. ఇవే ఇవాళ యూరోరాక్ అనే వాడుకలోకి వచ్చాయి. ఆ కొలతల్లో ఒక్క పలక చేస్తే చాలు, ఎవరి పెట్టెలోనైనా ఇమిడిపోతుంది. సింథసైజర్ కంపెనీ పెట్టనక్కర్లేదు, ఉద్యోగం చేసుకుంటూ ఒక్క మాడ్యూల్ చేసుకోవచ్చు. వందల మంది చేశారు.

వాళ్ళలో నాకు దగ్గరగా అనిపించేది పారిస్‌లో మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ నడిపిన ఎమిలీ జిలే. ఆవిడా సాఫ్ట్‌వేర్ మనిషే. 2010లో తెచ్చిన కిట్ పేరు 'శ్రుతి-1'! తర్వాతి కిట్లు అనుశ్రీ, అంబిక. 2013 నుంచి యూరోరాక్ మాడ్యూళ్ళు. కోడూ, సర్క్యూట్ నక్షాలూ అందరికీ తెరిచి పెట్టింది. వాటిని చూసి ఊరూపేరూ లేనివాళ్ళు నకళ్ళు చేసుకున్నారు, కొందరు వాటితోనే బతికారు. 2022లో ఆవిడ దుకాణం మూసేసింది. నక్షాలు మాత్రం ఉన్నాయి.

ఈ వ్యాపారం లెక్క ఏమంత తియ్యగా ఉండదు. చిప్పులు చవక. మీటలు, జాక్‌లు, అల్యూమినియం పలక దగ్గరే డబ్బంతా పోతుంది. విడిభాగాల ఖర్చుకి మూడు నాలుగు రెట్లు ధర పెడితే తప్ప అమ్మేవాడి వాటా, పాడై తిరిగొచ్చినవి, మన రాత్రిళ్ళు గిట్టవు. మా వైపు ఇంకో ఖర్చుంది, ఉప్పుగాలి. మైపాడు దగ్గర్లో కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి, జాక్ లోపలి రేకు ఎంత! సోల్డరింగ్ చేసిన బోర్డులకి పూత వేయందే ఒక వానాకాలం గడవదు. విడిభాగాలకి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. మోగ్ థెరమిన్‌లు అమ్మిన రోజుల్లో ఇక్కడ ఎవరికీ లేని సౌకర్యం అది.

నెల్లూరు నుంచి మొదట ఏ మాడ్యూల్ రావాలని నన్నడిగితే తంబురా అంటాను. నాలుగు తీగలు, ఒక్కోదానికి ఒక మీట, మొదటి తీగని పంచమం నుంచి మధ్యమానికో నిషాదానికో జరుపుకునే వీలు, శ్రుతి కోసం ఒక వోల్టు జాక్. వెడల్పు 10 యూనిట్లు, అంటే 5 సెంటీమీటర్ల చిల్లర. మీటలు మరీ దగ్గరైతే వేళ్ళు పట్టవు, అందుకని 12కి పెంచినా తప్పులేదు.