కార్చిచ్చు ఎంత గట్టిగా కాల్చింది? ఉపగ్రహ చిత్రంతో లెక్క కట్టే పద్ధతి



ఎండలు ముదిరేకొద్దీ పేపర్లో ఒక వార్త వస్తూ ఉంటుంది: ఫలానా అడవిలో ఇన్ని ఎకరాలు కాలిపోయాయి అని. చదివి అయ్యో అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. అయితే ఆ ఎకరాలన్నీ ఒకేలా కాలాయా? ఒకచోట ఎండుగడ్డి మాత్రమే కాలి, చెట్లు నిక్షేపంగా ఉండొచ్చు. పక్కనే ఇంకోచోట చెట్ల మొదళ్లు, వేళ్లు, మట్టిలోని విత్తనాలతో సహా మాడిపోయి ఉండొచ్చు. పేపర్ లెక్కలో రెండూ ఒక్కొక్క ఎకరమే. మొదటిది తొలకరి పడగానే పచ్చబడుతుంది. రెండోది కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ తేడానే "కాలిన తీవ్రత" అంటారు. దాన్ని ఆకాశం నుంచి ఎలా కొలుస్తారో ఇక్కడ చూద్దాం.

మనకు దగ్గర ఉదాహరణ: బండీపుర

మైసూరు దాటి ఊటీ దారిలో వెళ్లినవాళ్లకు బండీపుర అడవి తెలిసే ఉంటుంది. ఆ జాతీయ పార్కు విస్తీర్ణం సుమారు 870 చదరపు కిలోమీటర్లు. 2019 ఫిబ్రవరి నెలాఖరులో అక్కడ పెద్ద కార్చిచ్చు రేగింది. గోపాలస్వామి బెట్ట గుట్టలు నల్లబడ్డాయి. మంటలార్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు మోసుకొచ్చి కుమ్మరించాయి. ఆ రోజుల్లో ఎంత కాలిందన్న దానిపై తలో మాట వినబడింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క తీసింది. కాలిన నేల పది వేల ఎకరాలు దాటింది. అంటే 40 చదరపు కిలోమీటర్ల పైమాటే.

అంత కొండ ప్రాంతాన్ని నడిచి కొలవాలంటే వారాలు పడుతుంది. అందుకే ఉపగ్రహం కావాలి.

కంటికి కనబడని వెలుగు

ఉపగ్రహం తీసేది మామూలు ఫొటో ఒక్కటే కాదు. మన కంటికి ఆనని పరారుణ కాంతిని కూడా అది నమోదు చేస్తుంది. తీవ్రత లెక్కకు అందులో రెండు రకాలు కావాలి.

1. సమీప పరారుణం. పచ్చని ఆకు దీన్ని బాగా వెనక్కి కొడుతుంది. ఆకు కాలిపోతే ఈ విలువ పడిపోతుంది.

2. హ్రస్వతరంగ పరారుణం. ఆకులోని నీరు దీన్ని పీల్చుకుంటుంది. కాబట్టి పచ్చని అడవిలో ఈ విలువ తక్కువ. ఆకు పోయి, తడి ఆరి, నేల బయటపడితే ఇది పెరుగుతుంది.

మంట తర్వాత ఒకటి తగ్గుతుంది, ఇంకొకటి పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి కట్టిన సూచికే నార్మలైజ్డ్ బర్న్ రేషియో, పొట్టిగా ఎన్‌బీఆర్.

ఎన్‌బీఆర్ = (సమీప − హ్రస్వతరంగ) ÷ (సమీప + హ్రస్వతరంగ)

ఏడో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది. లెక్క కోసం మేం అనుకున్న అంకెలతో ఒకటి చేసి చూద్దాం.

మంటకు ముందు: సమీపం 0.32, హ్రస్వతరంగం 0.12. అంటే 0.20 ÷ 0.44 = 0.45.

మంట తర్వాత: సమీపం 0.14, హ్రస్వతరంగం 0.20. అంటే −0.06 ÷ 0.34 = −0.18.

ముందు విలువలోంచి తర్వాతి విలువ తీసేస్తే: 0.45 − (−0.18) = 0.63. ఈ తేడాను డీఎన్‌బీఆర్ అంటారు. తీవ్రతను చెప్పే అంకె ఇదే.

ఏ అంకెకు ఏ అర్థం?

అమెరికా భూగర్భ సర్వే సంస్థ పట్టిక ఎక్కువగా వాడుకలో ఉంది.

0.10 కంటే తక్కువ: కాలలేదు (−0.10 కంటే కిందికి పోతే కొత్త పచ్చదనం వచ్చినట్టు)
0.10 నుంచి 0.27: తక్కువ తీవ్రత
0.27 నుంచి 0.44: మధ్యస్థంలో తక్కువ
0.44 నుంచి 0.66: మధ్యస్థంలో ఎక్కువ
0.66 పైన: అధిక తీవ్రత

మన లెక్కలోని 0.63 అధిక తీవ్రతకు కొంచెం కింద ఆగింది. ఇలాంటి లెక్క చిత్రంలోని ప్రతి గడికీ కంప్యూటర్ వేస్తుంది. ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రాల్లో ఈ లెక్కకు వాడే గడి 20 మీటర్ల చదరం. సుమారు పది గళ్లు కలిస్తే ఒక ఎకరం. అమెరికా ల్యాండ్‌శాట్‌లో గడి 30 మీటర్లు.

మన అడవుల్లో జాగ్రత్త

ఆ పట్టికను కళ్లు మూసుకుని మన అడవులకు అంటగడితే తప్పు వస్తుంది. బండీపురలో చాలా భాగం ఆకురాల్చే అడవి. నవంబరులో పచ్చగా ఉన్న చెట్టు ఫిబ్రవరికి మోడులా నిలబడుతుంది. నవంబరు చిత్రాన్నీ మార్చి చిత్రాన్నీ పోల్చారనుకోండి, నిప్పు తగలని చెట్టు కూడా కాలినట్టే కనబడుతుంది. అందుకే మంటకు కొద్ది రోజుల ముందు తీసిన చిత్రమో, కిందటేడు అదే కాలపు చిత్రమో తీసుకోవాలి. పక్కనే కాలని చోట అంకె ఎంత మారిందో కూడా చూసుకోవాలి.

తర్వాతి చిత్రానికి ఆలస్యం చేయకూడదు. గాలికి బూడిద ఎగిరిపోతుంది. ఒక్క వాన పడితే గడ్డి మొలిచి మచ్చను కప్పేస్తుంది. దట్టమైన కొమ్మల కింద నేల మీదే పాకిన మంట పైనుంచి సరిగా ఆనదు. చెరువులు, మబ్బుల నీడలు కూడా మోసం చేస్తాయి. కాబట్టి చివరికి మనిషి అడవిలోకి నడిచి వెళ్లాల్సిందే. అక్కడ కొన్ని చోట్లు ఎంచుకుని, నేల, పొదలు, చెట్లు ఎంత కాలాయో చూసి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ఉపగ్రహం అంకె ఆ మార్కులతో కలిస్తేనే పటాన్ని నమ్ముతారు.

ఈ పటం ఎవరికి పనికొస్తుంది?

అధిక తీవ్రతతో కాలిన వాలు మీద తొలి జడివాన పడితే పట్టి ఉంచే వేళ్లు లేక మట్టి కొట్టుకొస్తుంది. అది కింది చెరువుల్లో పూడికగా చేరుతుంది. కాబట్టి కట్టలు, అడ్డుగట్లు ముందు ఎక్కడ వేయాలో పటం చెబుతుంది. బండీపురలో లాంటానా పొదలు విపరీతం. పొద ఎండితే మంట నేల మీంచి కొమ్మల్లోకి ఎక్కుతుంది. కాలిన జాగాలో అదే మళ్లీ ముందుగా మొలుస్తుంది కూడా. ఎక్కడ పీకాలి, ఎక్కడ అడవిని దాని మానాన వదిలేయాలి అన్నది కూడా ఈ పటం చూసే నిర్ణయించుకోవచ్చు. అంచు ఊళ్ల పశువుల మేతా, నీళ్లూ ఈ నిర్ణయాల మీదే ఆధారపడి ఉంటాయి.

మీరే చేసి చూడండి

కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో సెంటినెల్-2 చిత్రాలు ఉచితం. పెద్దల సాయంతో తెరిచి, బండీపుర వెతికి, 2019 ఫిబ్రవరి మధ్యలోదొకటి, మార్చి మొదట్లోదొకటి మబ్బులేని చిత్రాలు ఎంచుకోండి. 12, 8ఏ, 4 బ్యాండ్లు పెడితే పచ్చని చెట్లు ఆకుపచ్చగా, కాలిన మచ్చ ముదురు గోధుమగా తేలుతుంది. మచ్చ అంచు ఎక్కడ ఆగిందో చూడండి. అక్కడ రోడ్డు ఉందా, వాగు ఉందా? కారణం మీ నోటుబుక్కులో రాసి సైన్సు టీచరుకు చూపించండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మన దేశంలో కార్చిచ్చుల్లో ఎక్కువ భాగం మనుషుల చేతుల మీదుగా మొదలయ్యేవే. అడవి దారిలో వెళ్లేటప్పుడు బీడీ ముక్క, వంట పొయ్యి నిప్పు వదిలిరాకండి. పొగ కనబడితే 112కు ఫోన్ చేయండి. ఉపగ్రహం మంట పడ్డాక ఎంత కాలిందో చెప్పగలదు. నిప్పు పడకుండా చూడాల్సింది మాత్రం కింద ఉన్న మనమే.