ఇంటిపేరు లేని కల్లు

ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ట్రింబాక్ కుటుంబం 1626 నుంచి, హ్యూగెల్ కుటుంబం 1639 నుంచి వైన్ చేస్తున్నాయి. తోట వాళ్ళది, గాదె వాళ్ళది, సీసా మీద పేరు వాళ్ళది. తెలంగాణలో తండ్రి మోకు కొడుకు భుజాన వేసుకున్న, కల్లు గీసే గౌండ్ల (గౌడ) ఇళ్ళు ఊరూరా ఉన్నాయి. వాటిలో ఎన్ని తరాలు నడిచాయో లెక్క రాసినవారు లేరు. అయినా ఇన్నేళ్ళలో ఒక్క లొట్టి మీద ఒక్క ఇంటిపేరు నిలవలేదు. ఎందుకని అడిగితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. వైన్ నిలవ ఉంటుంది, కల్లు నిలవదు, పొద్దున దింపింది సాయంత్రానికి పులుస్తుంది, పేరు పెట్టుకోవడానికి తీరిక ఎక్కడిదని. ఈ జవాబు చెప్పినవాళ్ళూ, విన్నవాళ్ళూ మళ్ళీ ఆలోచించినట్లు కనబడదు.

పాలూ నిలవవు కదా. గుజరాత్‌లో ఆనంద్ పాడిరైతులు 1946లో సంఘం కట్టి, గంటల్లో విరిగిపోయే సరుకుకే దేశమంతా తెలిసిన పేరు తెచ్చారు. గేదె రైతుదే కావడం వల్ల అది సాధ్యమైంది. వైన్ కూడా పుట్టుకతోనే నిలవ ఉండే సరుకు కాదు. మొన్నమొన్నటిదాకా ఫ్రాన్స్‌లో అధిక భాగం ఏడాది తిరక్కుండానే తాగేసేవారు. వైన్ ఎందుకు చెడుతుందో తేల్చమని చక్రవర్తి అడిగితేనే పాశ్చర్ 1860లలో ఆ పనికి దిగాడు. పులియడం అడ్డంకే, కాదనను. గీసిన చోటు నుంచే ఈస్టులు, బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి, చల్లగా ఉంచకపోతే నీరా గంటల్లో కల్లవుతుంది. కానీ పేరు లేకపోవడానికి అదొక్కటే కారణమంటే చెట్టు ఎవరిదన్న ప్రశ్న కనబడకుండా పోతుంది.

ఆ ప్రశ్నను ములుగు పట్టీ నుంచి చూద్దాం. ఇది సమ్మక్క సారలమ్మల ములుగు కాదు. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక వచ్చే ములుగు, నిన్నటిదాకా మెదక్ జిల్లాలో ఉండి 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలో చేరినది. శామీర్‌పేట పేరు చదువుకున్నవాళ్ళకు పరిచితమే. 1950ల మొదట్లో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియా బృందంతో అక్కడ మకాం వేసి రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వచ్చింది. ఆ పుస్తకం ఊరి కులాల్లో గౌండ్లవారినీ లెక్కపెట్టింది. పొలం గట్ల మీద తాళ్ళు, వాగుల పక్కన ఈదులు, ఊరి బయట మండువ: ఈ పట్టీ అంతా ఒకే రకం పల్లె.

పాత చరిత్రను త్వరగా దాటేయవచ్చు, అది అందరూ చెప్పుకునేదే. కల్లు తాగడం ఈ నేలకు కొత్త కాదు. కాటమయ్యకు కల్లు సాక పోయకుండా గౌండ్లవారి ఇంట శుభకార్యం జరగదు. దక్కన్‌లో మొగలుల పట్టు సడలుతున్న రోజుల్లో కల్లుగీత కులంలో పుట్టిన ఖిలాషాపురం సర్వాయి పాపన్న కోట కట్టి, 1708లో వరంగల్లు మీద పడి, చివరికి పట్టుబడి చనిపోయాడు. ఫార్సీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతన్ని బందిపోటుగా రాశాడు, జానపదులు వీరుడిగా పాడుకున్నారు. చరిత్రకారుడు రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు కలిసి 1980లో రాసిన వ్యాసం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. గౌడ సంఘాల వేదికల మీద కథ సాధారణంగా పాపన్న దగ్గర మొదలై నేరుగా నేటి డిమాండ్ల మీదికి దూకుతుంది. మధ్యలో మూడు వందల ఏళ్ళు జారిపోతాయి. చెట్టు చేయి దాటింది ఆ మధ్యకాలంలోనే.

నిజాం రాజ్యంలో ఆబ్కారీ (కల్లు, సారా మీద పన్ను) అంటే ఖజానాకు భూమిశిస్తు తర్వాత చెప్పుకోదగ్గ రాబడి. మొదట్లో దాన్ని ఇజారాకిచ్చేవారు, పార్శీ సేట్లు కూడా పాడుకున్నారు. 1316 ఫసలీలో, అంటే 1906-07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. అప్పటినుంచి నడిచిన పద్ధతిలో చెట్టు మీద మూడు చేతులు పడ్డాయి. గీయడానికి చెట్టొక్కింటికి సర్కారుకు రుసుం. చెట్టు ఉన్న భూమి పట్టాదారుకు హక్కే మాలికానా, అంటే యజమాని వాటా. కల్లు అమ్మే దుకాణానికి హర్రాజు, ఎక్కువ పాడిన ముస్తేదారుకు అమ్మకం హక్కు. ఈ మూడింటిలో గౌండ్లవాడు ఎక్కడా లేడు. ప్రాణానికి తెగించి మోకు ముస్తాదులతో పైకి పోయేవాడు ఆ చెట్టుకు ఏమీ కాడు. ముస్తేదారు ఇచ్చే కూలీ అతని బతుకు.

నా వాదమంతా ఈ ఏర్పాటు మీదే నిలిచి ఉంది కాబట్టి కాస్త ఆగి చూడాలి. ఈత చెట్టును మొవ్వు కింద చెక్కి గీస్తారు. ఏటేటా గాటు పక్క మార్చాలి, చెట్టుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి, లేకపోతే ఎండిపోతుంది. తాటికి గెలను గీస్తారు. పోద్దాటికి ఒక కాలం, పండుతాటికి ఒక కాలం, ఏ గెలను ఎప్పుడు కట్టి ఎంత సన్నంగా కోయాలో చేతికే తెలుస్తుంది. తోట తనదైనవాడు మనవడి కోసం కత్తెర పట్టినట్టే, చెట్టు తనదైన గీతగాడు రేపటికి నాలుగు చుక్కలు మిగిల్చి కత్తి దించుతాడు. కానీ హర్రాజు గడువు తీరేలోగా పెట్టిన రూపాయి తిరిగి రాబట్టుకోవాల్సిన ముస్తేదారుకు చెట్టు ఆయుష్షుతో పనిలేదు. లొట్టి ఎంత నిండిందన్నదే అతని లెక్క. నాలుగైదు ఊళ్ళ కల్లు దుకాణంలో ఒకే తొట్టిలో పడ్డాక ఎవరి చేతి కల్లు ఏదో తాగేవాడికి తెలిసే దారి లేదు. రుచి తేడా తెలిసిన ముసలివాళ్ళు నేరుగా చెట్టు కిందికే పోయేవారు, దుకాణానికి కాదు.

దీన్ని నిజాం దుర్మార్గంగా మాత్రమే చెప్పడం కూడా తప్పే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 ఆబ్కారీ చట్టం కింద చెట్టు పన్నూ, దుకాణం వేలమూ ఇలాగే నడిచాయి. వలస పాలనకైనా, దాని నీడలోని సంస్థానానికైనా తాగుడు మీద రాబడి ఒకే ఎత్తున కనబడింది. తేడా ఏమైనా ఉంటే, తెలంగాణలో దొర, పట్టాదారు, ముస్తేదారు చాలాచోట్ల ఒకే గడిలో కూర్చున్నారు.

హైదరాబాద్ ఆబ్కారీ చట్టం కాలంలోనే, 1907లో, ఫ్రాన్స్ దక్షిణాన లాంగ్‌డాక్‌లో ఏం జరిగిందో చూడండి. చక్కెర నీళ్ళు కలిపిన నకిలీ వైన్‌తో ధరలు పడిపోయి ద్రాక్ష రైతులు లక్షల్లో వీధుల్లోకి వచ్చారు. జూన్‌లో నార్బోన్‌లో సైన్యం కాల్చింది, మనుషులు చచ్చిపోయారు. 17వ రెజిమెంట్ సిపాయిలు తిరగబడ్డారు. నెల తిరక్కముందే కల్తీ మీద చట్టం వచ్చింది. తాజా ద్రాక్ష పులియబెట్టిందే వైన్ అని సెప్టెంబరులో డిక్రీ వెలువడింది. రైతుల సమాఖ్య తన సొంత తనిఖీదారులను పెట్టుకుంది. చట్టానికన్నా నాకు ఆసక్తి కలిగించేది ఈ తనిఖీదారులే. కల్తీ చేసిన పొరుగువాణ్ణి పట్టించాలన్న పట్టుదల తోట, పేరు, పరువు తమవైనవాళ్ళకే వచ్చింది. మన దగ్గర కల్తీ పడితే నష్టపోయే పేరు ఎవరిది?

మన చరిత్రలో 1947 ఘట్టాన్ని సాధారణంగా గర్వంగానే రాస్తారు. ఇండియాలో విలీనం కోసం స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం సాగిన రోజుల్లో నిజాం రాబడిని దెబ్బతీయాలని తాళ్ళు, ఈదులు నరికారు. త్యాగమనే దాన్ని రాసుకున్నాం. నిజాంకు ఎంత గండి పడిందన్న లెక్కే చర్చలోకి వచ్చింది గానీ, ఆ వనాన్ని గీసి బతికేవాడు మరునాడు ఏం తిన్నాడన్నది పక్కకు పోయింది. సర్కారు దృష్టిలో ఆ చెట్టు ఖజానా, సర్కారును ఎదిరించినవారి దృష్టిలోనూ ఖజానాయే. నిజాం వ్యతిరేక పోరాటం న్యాయమైనదే, అందులో నాకు అనుమానం లేదు. గౌండ్లవారూ ఆ పోరాటంలో ఉన్నారు. కానీ గొడ్డలి ఎవరి బువ్వ మీద పడిందో రాయని చరిత్ర సగమే.

ఆ సగాన్ని పూరించినవారిలో బొమ్మగాని ధర్మభిక్షం ముందుంటారు. నల్లగొండ నుంచి గీత కార్మికుల్ని కూడగట్టి, గీసేవాడిదే చెట్టు అన్న మాటను ఊరూరా తిప్పారు. ముస్తేదార్ల హర్రాజు స్థానంలో క్రమంగా గీత సహకార సంఘాలు వచ్చాయి, సంఘం లేనిచోట గీసేవాడికే నేరుగా చెట్టు ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పద్ధతి వచ్చింది. గత శతాబ్దంలో గౌడులకు దక్కిన అసలు గెలుపు ఇదేనని నా నమ్మకం.

ఇక్కడే నా వాదానికి గట్టి చిక్కు ఎదురవుతుంది. చెట్టు సంఘం చేతికి వచ్చాక కల్తీ తగ్గాలి, పెరిగింది. క్లోరల్ హైడ్రేట్, ఆ తర్వాత డైజెపామ్, ఆల్‌ప్రజోలం. 2015లో అధికారులు మత్తుమందు కల్తీ మీద విరుచుకుపడితే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అలవాటుపడ్డ మనుషులు ఒక్కసారి మందు ఆగిపోయి వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. దీనికి సమాధానం రెండు పొరల్లో ఉంది. ఒకటి, చాలాచోట్ల సంఘం కాగితం మీదే ఉంటుంది. దుకాణం వెనక నుంచి నడిపేది పాత ముస్తేదారు వంటివాడే, సభ్యుడికి నెలకింత పడేస్తాడు. రెండోది, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో మద్య నిషేధం వచ్చాయి. రెండింటికీ బయట మిగిలింది కల్లొక్కటే. తాగేవాళ్ళంతా అటు మళ్ళితే చెట్లు అంత ఇవ్వలేవు. లేని కల్లును మందుబిళ్ళ పుట్టించింది. అయినా ఈ రెండూ కలిపినా లెక్క పూర్తిగా సరిపోదు. సంఘాలు నిజంగా సభ్యుల చేతుల్లో ఉన్న ఊళ్ళలోనూ నగరానికి పోయే పీపా కలిపిందే అయిన సందర్భాలు లేకపోలేదు. చెట్టు హక్కు మాత్రమే చాలలేదు. అమ్మకం దగ్గర పేరు కూడా గీసేవాడిదై ఉండాల్సింది.

2014 తర్వాతి పాలనను ఈ కొలతతోనే చూడాలి. పదేళ్ళు మూతపడ్డ హైదరాబాద్ కల్లు దుకాణాలు 2014లో తెరుచుకున్నాయి. చెట్టు పన్ను రద్దయింది. మూడు చేతుల్లో ఒకటి తొలగింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2021లో మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దీన్ని నేను మెచ్చుకోలేను. చెట్టెక్కేవాడికి సీసాల కొట్టు ఇవ్వడమంటే వృత్తి నుంచి మర్యాదగా సాగనంపడమే. పైగా ఆ దరఖాస్తు రుసుము కట్టగలవాడు మోకు పట్టే మనిషి కాదు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. శుభ్రం, శీతలీకరణ, కల్తీ లేకపోవడం బాగున్నాయి. అయితే ఆ గ్లాసులోని నీరా ఏ ఊరి వనానిదో, ఎవరు దింపిందో తాగేవాడికి తెలియదు. ముస్తేదారు తొట్టి పోయి సర్కారు స్టీలు ట్యాంకు వచ్చింది. చెట్టెక్కేవాడి భద్రతకు 2024లో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం మాత్రం ఆలస్యమైనా అసలు చోట పడ్డ ఖర్చు. చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాడికి ఎక్స్‌గ్రేషియా ఇవ్వడం కన్నా పడకుండా చూడటం మేలు.

ములుగులో ఇప్పుడు కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అటవీ కళాశాల ఉంది. తాటి మీద మన భాషా ప్రాంతంలో పేరున్న పరిశోధన రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో జరిగింది. రాష్ట్రం విడిపోయాక అది ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. హరితహారంలో నాటిన ఈత మొక్క గీతకు రావడానికి ఏడెనిమిదేళ్ళయినా పడుతుంది, తాటికి అంతకు రెట్టింపు. పొట్టిగా పెరిగే రకాలు, కొన్ని రోజులైనా నిలిచే కల్లు, సంఘానికి ఒకటి చొప్పున చిన్న శీతల గది, సీసా మీద ఊరి పేరు: ఈ పనులకు ఈ రెండు ప్రాంగణాలకన్నా దగ్గరి చోటు లేదు. ఆ పేరు ముద్రించే హక్కు మాత్రం ఎక్సైజ్ శాఖకూ సర్కారు కార్పొరేషన్‌కూ కాకుండా సంఘానికి రాసివ్వాలి. సంఘంలో ఓటు కూడా ఆ ఏడాది చెట్టెక్కినవాడికే ఉండాలి.