పలక గని గోడ

చరిత్ర అంటే రాజుల వంశావళి కాదని చెప్పుకుంటూ వచ్చిన మనం, కాళ్ల కింది రాయి చరిత్రను మాత్రం భూగర్భ శాస్త్రజ్ఞులకే వదిలేశాం. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలలపై ప్రచురించిన గ్రంథంతో కంభం పేరు ఆ శాస్త్రంలోకెక్కింది. మార్కాపురం పలక ఆ కంభం శ్రేణి రాయే. ఎన్ని బడుల్లో ఎందరు పిల్లలు దానిమీద అక్షరాలు దిద్దారో!

ఈ రాయి పొరలుగా చీలుతుంది. చీలుతుంది గనుకనే పలక అయింది. ఆ గుణమే గని గోడకు శత్రువు. పొరలు గుంతవైపు వాలినచోట అడుగున తవ్వితే పైపొరకు ఆధారం పోతుంది. వాననీరు పగుళ్లలో చేరి ఒత్తిడి పెంచితే అది జారిపడుతుంది. గుంతలోకి దిగే దారి దగ్గర ఈ ముప్పు మరీ ఎక్కువ. అక్కడ పైనున్నది ఎండకూ వానకూ వదులైన రాయి, మన్ను. కింద నడిచేది కూలీలందరూ.

నివారణ తెలియనిది కాదు. గోడను నిటారుగా కాక మెట్లుగా తవ్వాలి. పైన కాలువ తీసి నీటిని మళ్లించాలి. వదులు రాళ్లను ముందే దించాలి. అవసరమైతే రాతిలోకి ఇనుపకడ్డీలు దించి బిగించాలి. మెత్తని నేలలో వాలు 45 డిగ్రీలు మించరాదనీ, మెట్లయితే ఒక్కొక్కటి ఒకటిన్నర మీటరు ఎత్తు దాటరాదనీ 1961 లోహఖనిజ గనుల నిబంధనలు శాసించాయి.

కాని మెట్టు తీయడమంటే అమ్ముడుపోని మట్టినీ రాతినీ కూలి ఇచ్చి ఎత్తిపోయించడం. ఆ ఖర్చు యజమాని లాభంలోంచి పోవాలి, లేదా కూలీ ప్రాణంలోంచి పోవాలి. కనుక వాలు కోణాన్ని నిర్ణయించేది గణితం ఒక్కటే కాదు, వర్గ సంబంధం కూడా.

పలకను విద్యకు ప్రతీకగా వాడుకున్న మన సాహిత్యం, దాన్ని పైకి తెచ్చినవాడి నెత్తిమీద గోడ ఏ కోణంలో నిలిచిందో ఇకనైనా రాయాలి.