ఇల్లు, ఉద్యోగం వదిలేసిన చట్టం

రంగు చూసి మనిషిని గుమ్మం నుంచే పంపెయ్యడం తప్పని బ్రిటన్ మొదటిసారి చట్టంలో రాసుకున్నది 1965లో. ఫెన్నర్ బ్రాక్‌వే అనే ఎంపీ 1956 నుంచి బిల్లు పెడుతూనే ఉన్నారు, పార్లమెంటు పక్కన పెడుతూనే ఉంది.

1963లో బ్రిస్టల్ బస్సుల కంపెనీ నల్లవాళ్ళని, ఆసియావాళ్ళని కండక్టర్లుగా తీసుకోనంది. అప్పటికి అది చట్టవిరుద్ధం కాదు మరి! పాల్ స్టీఫెన్‌సన్, ఆయన తోటివాళ్ళు జనం చేత బస్సులెక్కడం మాన్పించారు. నాలుగు నెలలకి కంపెనీ దిగొచ్చింది. సెప్టెంబరులో రఘబీర్ సింగ్ అనే సిక్కు కండక్టరుగా చేరారు.

ఇంత జరిగాక వచ్చిన 1965 చట్టంలో ఏముందో చూడండి. హోటల్లో, పబ్బులో, సినిమా హాల్లో, బస్సులో వివక్ష కూడదు. అద్దె ఇల్లు ఇవ్వనంటే? ఏమీ చెయ్యలేం. ఉద్యోగం ఇవ్వనంటే? అంతే. టీ మాత్రం పొయ్యాలన్నమాట! ఆ రోజుల్లో బయటి దేశాల నుంచి నర్సింగ్‌కి వచ్చిన ఎంతోమంది అమ్మాయిలని రిజిస్టర్డ్ నర్సు శిక్షణకి కాకుండా, తక్కువ స్థాయి ఎన్‌రోల్డ్ నర్సు శిక్షణకి మళ్ళించేవారు. వాళ్ళకి ఈ చట్టం ఎందుకూ పనికిరాలేదు.

ఇల్లు, ఉద్యోగం 1968లో చేర్చారు. అయినా నేరుగా కోర్టుకి వెళ్ళే వీల్లేదు, బోర్డుకి చెప్పుకుని ఎదురుచూడాలి. 1976 చట్టం ఆ అడ్డు తీసేసింది. మతం మాట మాత్రం అందులోనూ లేదు. యూదులకి జాతిగా రక్షణ దొరికింది. తలపాగా తీస్తేనే చేర్చుకుంటామని ఒక బర్మింగ్‌హామ్ స్కూలు సిక్కు పిల్లాణ్ణి కాదంటే, 1983లో ప్రభువుల సభ సిక్కులూ ఒక జాతేనని తీర్పిచ్చింది. ముస్లింలు అలా లెక్కలోకి రాలేదు. ఉద్యోగాల్లో మతవివక్షకి అడ్డుకట్ట అక్కడ 2003లో గానీ పడలేదు.