కార్మిక నష్టపరిహారం: రాష్ట్ర ఖజానా పాత్ర

ఒక నూలు మిల్లులో కార్మికుడి చెయ్యి యంత్రంలో పడి నలిగిందనుకోండి. అతడి చికిత్సకూ, పనిలేని రోజుల వేతనానికీ డబ్బు ఎవరు ఇవ్వాలి? గత శతాబ్దంలో మనదేశం ఈ ప్రశ్నకు రెండు రకాలుగా సమాధానం చెప్పింది. ఆ రెంటిలో రాష్ట్ర ప్రభుత్వం ఎక్కడ నిలబడిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

మొదటి సమాధానం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. ఇది 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం పరిహారం చెల్లించే బాధ్యత పూర్తిగా యజమానిదే. తగాదాలు తీర్చడానికి కమిషనర్లను నియమించడంతో ప్రభుత్వ బాధ్యత దాదాపు తీరిపోయింది. యజమాని బీమా చేయించి తీరాలన్న నిర్బంధం లేదు. చిన్న యజమాని చేతులెత్తేస్తే కార్మికుడి చేతిలో ఉత్తర్వు మిగిలేది, డబ్బు కాదు. చికిత్స ఖర్చు గురించి ఆనాటి చట్టంలో నియమమే లేదు.

రెండో సమాధానానికి పునాది రెండో ప్రపంచ యుద్ధకాలంలో పడింది. అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ చేతిలో ఉంది. 1943లో ఆచార్య బి.పి. అదార్కర్‌కు పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా పథకం రూపొందించే పని అప్పగించారు. ఆయన 1944లో నివేదిక ఇచ్చారు. దాన్ని పరిశీలించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు స్టాక్, రావు రెండు ముఖ్యమైన మార్పులు సూచించారు. ప్రసూతి సహాయం, ప్రమాద పరిహారం కూడా ఇదే పథకంలో చేర్చాలన్నది ఒకటి. నగదు చెల్లింపులనూ వైద్యాన్నీ వేరుచేసి, వైద్యాన్ని రాష్ట్రాలకు (నాటి ప్రావిన్సులకు) అప్పగించాలన్నది మరొకటి. ఆసుపత్రులూ వైద్యులూ రాష్ట్రాల చేతిలోనే ఉన్నారు కాబట్టి అది సహజమైన సూచనే. అయితే తర్వాతి చిక్కులలో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే మనం ఇ.ఎస్.ఐ. అని పిలిచే చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో ప్రధాని నెహ్రూ ఈ పథకాన్ని ప్రారంభించారు. అదే రోజు ఢిల్లీలోనూ మొదలైంది. పథకం తొలుత రెండు చోట్లే అమలైతే ఆ ఊళ్ళ యజమానులపైనే భారం పడి, పోటీలో వెనకబడతామన్న అభ్యంతరం రావడంతో, 1951 సవరణ దేశమంతటా యజమానుల నుంచి ప్రత్యేక చందా వసూలుకు వీలు కల్పించింది. కేంద్రం తన వంతుగా మొదటి ఐదేళ్ళు కార్పొరేషన్ పాలనా ఖర్చులో మూడింట రెండు వంతులు గ్రాంటుగా ఇవ్వాలని చట్టం చెప్పింది. ఈ గ్రాంటు పాలనా ఖర్చుకే పరిమితమని గమనించండి. కార్మికుడికి అందే ప్రయోజనాల ఖర్చు అందులో చేరలేదు.

ఇక రాష్ట్రాల సంగతి. 58వ సెక్షన్ ప్రకారం బీమా చేసిన కార్మికులకు వైద్యం అందించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. ఖర్చును రాష్ట్రం, కార్పొరేషన్ ఒప్పందం ప్రకారం పంచుకుంటాయి. కాలక్రమంలో కార్పొరేషన్‌కు ఎనిమిదింట ఏడు వంతులు, రాష్ట్రానికి ఎనిమిదో వంతు అన్న నిష్పత్తి స్థిరపడింది. ఇదే సెక్షన్‌లో అంతగా ఎవరూ ప్రస్తావించని నియమం ఒకటి ఉంది. ఒక రాష్ట్రంలో అనారోగ్య భృతి చెల్లింపులు అఖిల భారత సగటును మించితే, ఆ అదనపు మొత్తంలోనూ రాష్ట్రం వాటా భరించాలి. కార్మికులను ఆరోగ్యంగా ఉంచలేకపోతే రాష్ట్రానికీ నష్టమే అన్న ఆలోచన దీని వెనుక కనిపిస్తుంది.

ఎనిమిదో వంతు చిన్న మొత్తమే కదా అనిపించవచ్చు. లెక్క అంత సులువు కాదు. తలసరి ఖర్చుకు కార్పొరేషన్ ఒక పరిమితి విధిస్తుంది. అది దాటిన ప్రతి రూపాయీ రాష్ట్రమే భరించాలి. పైగా రాష్ట్రం నడిపే డిస్పెన్సరీలో వైద్యుడు, ఫార్మసిస్టు రాష్ట్ర ఉద్యోగులు. వారి పోస్టులు మంజూరు కావాలన్నా, మందులు కొనాలన్నా రాష్ట్ర బడ్జెట్ పద్దు గుండానే వెళ్ళాలి. కార్పొరేషన్ తన వాటా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, రాష్ట్ర ఆర్థిక శాఖ సంతకం పడకపోతే పని సాగదు. ఎనిమిదో వంతు పెట్టేవారి చేతిలోనే తాళంచెవి ఉందన్నమాట.

మొదట చెప్పుకున్న మిల్లు కార్మికుడి విషయంలో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. గాయం మానేవరకు వేతనంలో 90 శాతం తాత్కాలిక అంగవైకల్య భృతిగా కార్పొరేషన్ నిధి నుంచి నేరుగా వస్తుంది. ఆ డబ్బు రాష్ట్ర బడ్జెట్‌తో నిమిత్తం లేనిది. కానీ అతడి కట్టు మార్చే నర్సు ఉద్యోగం, మందుల కౌంటర్లో ఉండాల్సిన మాత్రలు రాష్ట్రం కేటాయింపు మీద ఆధారపడతాయి. కొన్ని ఆసుపత్రులను కార్పొరేషన్ స్వయంగా నడుపుతోంది. హైదరాబాద్‌లో సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కార్పొరేషన్ ఆధ్వర్యంలో ఉండగా, నగరంలోని డిస్పెన్సరీలను రాష్ట్ర బీమా వైద్య సేవల శాఖ నడుపుతోంది. కార్మికుడి చేతిలో ఉన్నది ఒకే కార్డు. ఉదయం డిస్పెన్సరీలో అతడిని పరీక్షించే వైద్యుడి జీతం ఒక ఖజానా నుంచి, అక్కడి నుంచి సనత్‌నగర్‌కు పంపితే చూసే వైద్యుడి జీతం మరో ఖజానా నుంచి వస్తాయి.