ఇసుక నుండి విద్యుత్పలక వరకు

అక్షరమును మోయు వస్తువు మారినప్పుడెల్ల చదువే మారినదని తలచుట లోకమునకు వాడుక. నేడు పలకకు బదులు ఈ-రీడరు, ట్యాబు మొదలగు విద్యుత్పలకలు బడులలో ప్రవేశించుచుండగా, ఇక బిడ్డలు తమంతట తామే చదువుకొందురని కొందఱును, ఇక చదువు మంటగలిసినదని కొందఱును అనుచున్నారు. ఈ రెంటిలో దేనినైనను అంగీకరించుటకు ముందు మన బడి చరిత్రను ఒకమారు తిరుగవేయుట మంచిది.

సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా నుండి దేశీయ పాఠశాలలను గూర్చి విచారణ జరిపింపగా, బళ్లారి కలెక్టరగు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపెను. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. ఆ బడులలో 226 తెలుగువి. బాలుడు మొదట నేలమీది ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. చేయి కుదిరిన పిమ్మట తాటాకు, పలక, కడితము అతనికి దక్కును. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పుచు తమ చదువును గట్టిపఱచుకొనుటను క్యాంప్‌బెల్ మిక్కిలి మెచ్చెను.

ఈ పద్ధతి అప్పటికే సముద్రము దాటినది. మద్రాసు ఎగ్మూరులోని అనాథశరణాలయమునకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్, దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనునందు గ్రంథముగా ప్రకటించెను. నేడు పాశ్చాత్య యంత్రమును చూచి బెదరు మనము ఒకప్పుడు వారికి ఇసుకతో చదువు నేర్పితిమి!

అయినను ఆ బడులు నిర్దోషములని యెన్నరాదు. బాలురు వల్లించు గ్రంథములు వాడుకకు దూరమైన పద్యభాషలో నుండెననియు, అర్థము తెలియకయే చిలుకలవలె అప్పగించుచుండిరనియు క్యాంప్‌బెల్ వ్రాసెను. పేదఱికముచే బిడ్డలను బడికి పంపలేని తల్లిదండ్రులను గూర్చియు చెప్పెను. అర్థము, అందుబాటు అను ఈ రెండు చిక్కులును పలకవలన పుట్టినవి కావు. పలక మార్చినంతమాత్రమున తీఱునవియు కావు.

మొదటి చిక్కును తీర్చుటకే 20వ శతాబ్దారంభమున గిడుగు రామమూర్తి పంతులు, బడుల ఇన్‌స్పెక్టరగు జె. ఎ. యేట్సు బడిపుస్తకములలో వాడుకభాషకై పోరాడిరి. రెండవ చిక్కునకు మన కృష్ణాతీరమే ఒక మార్గము చూపినది. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల తొలి మహాసభ జరిగెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. చదువరి పుస్తకమును చేరలేనప్పుడు పుస్తకమే చదువరికడకు పోవలెనని వారి నిశ్చయము.

విద్యుత్పలకయు అట్టి పడవయే. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును మొత్తము 5,18,740 ట్యాబులు పంచుటకు పూనుకొన్నది. కాని పడవలో ఏ సరకున్నదో చూడవలదా? 2016లో అమెజాన్ సంస్థ తన కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకములను ప్రవేశపెట్టినప్పుడు వానిలో తెలుగు లేదు. అంతకు ముందే, 2015లో ప్రథమ్ బుక్స్ వారు స్థాపించిన స్టోరీవీవర్‌లో తెలుగు బాలకథలును ఉచితముగా లభించుచున్నవి.

పరదేశముల అనుభవమును గమనింపదగినదే. పెరూ దేశమున 319 ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకిచ్చిన ల్యాప్‌టాపులను గూర్చి 2012లో వెలువడిన పరిశీలనలో, భాషయందును గణితమునందును అభివృద్ధి కానరాలేదు. కెన్యా దేశపు కిసుములో విద్యార్థులకు ఈ-రీడర్లనిచ్చి ఒకచోటను, ఉపాధ్యాయులకు ట్యాబులనిచ్చి మఱియొకచోటను పఠనము నేర్పిరి. మంచి పుస్తకములు, ఉపాధ్యాయ శిక్షణ చేరినచోట పఠనము మెఱుగుపడినది గాని, శిష్యులకు ఈ-రీడరు నిచ్చుటవలన అంతకు మించిన విశేషలాభము కనబడలేదని 2016లో ప్రకటించిరి.

3వ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థము గ్రహించి చదువవలెనని 2021లో నిపుణ్ భారత్ పథకము సంకల్పించినది. మా కంకిపాడువంటి ఊళ్లలో కూలికి పోవు తల్లి బిడ్డకు బడియే సర్వస్వము. అక్కడ తప్పిన చదువు ఇంటివద్ద దొరకదు. కావున గృహస్థులారా! మీ బడికి ఎన్ని యంత్రములు వచ్చినవని అడుగుటకు ముందు, మీ పిల్లవాడు చదువుచుండగా వినువారెవరో, తప్పినచోట నిలిపి దిద్దువారెవరో అడుగుడు. ఇంట పావుగంటసేపు వానిచేత బిగ్గఱగా చదివించి, చదివినదాని అర్థమును సొంతమాటలలో చెప్పింపుడు. పొరుగుబిడ్డనును ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. అది జరిగిననాడు విద్యుత్పలక వరమగును. జరుగనినాడు అదియు మఱియొక కడితమే.